అండా నుంచి షవర్ దాకా: మన కాడుగోడి ఇంట్లో ఉడుకునీళ్ల చరిత్ర

2024 డిసెంబరులో ఒక పొద్దున మేడ మీద మన స్నానాల గదిలో ఉడుకునీళ్లు ఆగిపోయాయి. పూర్తిగా ఆగిపోలేదు. షవర్ తిప్పితే గుడగుడమని శబ్దం, రెండు సార్లు దగ్గినట్టు కాస్త నీళ్లు, ఆ తర్వాత సన్నటి ధార, అదీ నిమిషంలో బంద్. చన్నీళ్లు మాత్రం ధారాళంగా వస్తున్నాయి. కింద అద్దెకున్న వాళ్లని అడిగితే వాళ్లకు బ్రహ్మాండంగా వస్తున్నాయట. సోలార్ ఉన్నది మన నెత్తి మీద, ఉడుకునీళ్లు పోతున్నది కిందింటికి!

రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే అమ్మ గ్యాస్ మీద పెద్ద డేకిసా పెట్టి నీళ్లు కాస్తోంది. కాగాక రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని, హాలు దాటి, తడి గడప దాటి స్నానాల గదిలోకి మోసుకుపోతోంది. వయసు డెబ్బై ఆరు. మోకాళ్లు అంతంత మాత్రం. "చెప్పొచ్చు కదమ్మా" అంటే, "మీ అవ్వ బతుకంతా మోసింది, నేను నాలుగు రోజులు మోస్తే అరిగిపోతానా" అంది.

ఆ మాటతోనే ఈ వ్యాసం మొదలైంది. అవ్వ ఎడమ పాదం మీద అరచేయంత మచ్చ ఉండేది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు అడిగితే "దీపావళి మచ్చ" అని నవ్వేసేది. అందరం టపాకాయ పేలి కాలిందేమో అనుకునేవాళ్లం. కాదు. నరక చతుర్దశి తెల్లవారుజామున, ఇంటిల్లిపాదికీ తలంటు కోసం కాచిన నీళ్లు మోస్తుంటే చేయి జారింది. మన ఇంట్లో ఉడుకునీళ్ల చరిత్ర రాయాలంటే ముందు ఆ పాదం దగ్గర ఆగాలి.

అండా కాలం

తాత రైల్వే ఉద్యోగంతో మదనపల్లె వైపు నుంచి కాడుగోడికి వచ్చింది 1971లో. వైట్‌ఫీల్డ్ స్టేషన్ అని పేరేగానీ అది ఉన్నది కాడుగోడి పక్కనే అని మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పటికి ఇది నగరం కాదు, హొసకోట దారిలో ఒక పల్లె. చుట్టూ రాగి చేలు, నీలగిరి తోపులు. బృందావనంలో సత్యసాయి బాబా తెలుగులో ప్రసంగిస్తారని విని అవ్వ మొదటి నెలలోనే వెళ్లొచ్చిందట. భాష తెలియని ఊరికి వచ్చామన్న బెంగ ఆ రోజే సగం తీరిందని చెప్పేది. మిగతా సగం సంతలో తీరింది. హొసకోట, మాలూరు, కోలారు వైపు నుంచి వచ్చే రైతుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా.

ఇంట్లో ఉడుకునీళ్లంటే రాగి అండా. మనం అండా అన్నదాన్నే ఇక్కడివాళ్లు హండె అంటారు. స్నానాల గదిని బచ్చలుమనె అంటారు. పొయ్యి కట్టి, దాని మీద అండాని సగం దాకా మట్టితో మెత్తేవాళ్లు. ఒకసారి పెడితే మళ్లీ తీసేది లేదు. నీళ్లు పోయడం పైనుంచి, తోడుకోవడమూ పైనుంచే. కింద నీలగిరి ఆకులు, ఎండిన కట్టెలు, టెంకాయ చిప్పలు, ఏది దొరికితే అది. నీలగిరి ఆకు మంట చిటపటలాడుతుంది, పొగ ఘాటుగా ఉంటుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు చిన్నప్పటి ఆదివారం, కుంకుడుకాయ రసం, కళ్లమంట గుర్తొస్తాయి.

కర్ణాటకలో దీపావళికి ముందు రోజుని "నీరు తుంబువ హబ్బ" అంటారు, అంటే నీళ్లు నింపే పండగ. ఆ సాయంత్రం అండాని చింతపండుతో తోమి, సున్నం, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చుట్టి, కొత్త నీళ్లు నింపుతారు. మర్నాడు తెల్లవారక ముందే తలంటు. మన వైపు తలంటు ఉందిగానీ, ముందు రోజు నీళ్లకే ఒక పండగ చేయడం అవ్వ ఇక్కడే చూసింది. చూసిన ఏడాదే మొదలుపెట్టింది. ఇప్పటికీ మన ఇంట్లో ఆ రోజు స్నానాల గది తలుపుకి పూలు కడతాం. ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. ఇందుకే.

అండాకు లేని కష్టం ఒకటుంది: గాలి చిక్కుకోవడం. దాని మూతి వెడల్పు. నీళ్లు వేడెక్కేటప్పుడు లోపల కరిగి ఉన్న గాలి చిన్న చిన్న బుడగలుగా గోడలకు అంటుకుని, పైకి తేలి, మూతిలోంచి వెళ్లిపోతుంది. ఎవరూ గమనించరు. అండాతో కష్టమల్లా మోయడమే. బావిలోంచి చేదాలి, అండాలో పోయాలి, కాగాక బకెట్లోకి తోడాలి, ముసలివాళ్లకూ చంటిపిల్లలకూ గదిలోకి చేర్చాలి. ఇంట్లో ఎనిమిది మందిమి. మనిషికి ఒక బకెట్ అనుకున్నా రోజుకి ఎనిమిది బకెట్లు. తాత ఒక్క రోజూ మోయలేదు. నాన్న మోయలేదు. ఈ మాట రాయకుండా ఉంటే చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

నగరానికి వచ్చిన నీళ్లు, మన దాకా రాని నీళ్లు

మనం అండా ముందు కూర్చున్న రోజులకు బెంగళూరు నగరంలో కుళాయి వచ్చి ముప్పాతిక శతాబ్దం. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో హెసరఘట్ట చెరువు నుంచి పైపుల్లో నగరానికి నీళ్లు వచ్చింది 1896లో. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం తోడైంది. శివనసముద్రం కరెంటు 1902లో కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధి దీపాలకు అందింది. 1974లో కావేరి మొదటి దశ నీళ్లు నగరానికి చేరాయి. దాదాపు నూరు కిలోమీటర్ల దూరం నుంచి, నాలుగైదు వందల మీటర్లు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెచ్చిన నీళ్లవి. వీటిలో ఏదీ కాడుగోడికి కాదు. మనకు బావి, ఆ తర్వాత బోరు.

అలాగని ఇది నీళ్ల తెలివి లేని ఊరు కాదు. కాడుగోడి కాశీ విశ్వేశ్వర గుడికి సంబంధించిన తమిళ శాసనం ఒకటి ఉంది. రాజేంద్ర చోళుడి కాలం నాటిది, 1043 సంవత్సరానిది. పట్టందూరు చెరువు కట్టించి, తూములు పెట్టించిన సంగతి అందులో ఉంది. పట్టందూరు అగ్రహార అని ఇప్పుడు మెట్రో స్టేషన్ ఉందే, ఆ ఊరి చెరువే. వెయ్యేళ్ల కిందట కూడా ఇక్కడ నీళ్ల పని అంటే వాలు చూడడమే. చెరువు ఎత్తున ఉండాలి, తూము కింద ఉండాలి, కాలువ పొలం దాకా దిగుతూ పోవాలి. మధ్యలో గట్టు అడ్డొస్తే చుట్టి పోవాలేగానీ ఎక్కి దిగకూడదు. కాలువకు పైకప్పు ఉండదు కాబట్టి గాలి చిక్కే ప్రశ్న లేదు. ఈ వాలు సంగతి కాసేపు గుర్తుంచుకోండి, మన షవర్ దగ్గర మళ్లీ పని పడుతుంది.

నాన్న 1983లో ఇప్పుడున్న ఇల్లు కట్టించాడు. కింది అంతస్తు మాత్రమే. అండా పోయి బాయిలర్ వచ్చింది. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్లు, కింద ఇత్తడి కుళాయి. రంపపు పొట్టు దట్టించి అంటిస్తే ఒక పూట నడిచేది. తోడే పని తప్పిందిగానీ మోసే పని తప్పలేదు, ఎందుకంటే బాయిలర్ ఉన్నది పెరట్లో. కరెంటు కాయిల్ బకెట్లో వేసి కాచుకున్న రోజులూ ఉన్నాయి. షాక్ కొడుతుందని అవ్వ దాన్ని చీపురు కట్టతో తోసేది.

గీజర్ అనే మాట

1990లలో వైట్‌ఫీల్డ్ చుట్టూ టెక్ పార్కులు లేచాయి, ఊరి మొహం మారింది. మన ఇంటికి కరెంటు గీజర్ 1996లో వచ్చింది. అంతకు ముందు గీజర్ అంటే ఏదో కంపెనీ పేరు అనుకునేవాణ్ణి. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు గైసిర్. లండన్‌లో బెంజమిన్ వాడీ మౌఘన్ అనే పెయింటర్ 1868లో గ్యాస్ మంటతో స్నానానికి నీళ్లు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. అతని యంత్రానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు, కాబట్టి ప్రమాదం కూడా. 1889లో ఎడ్విన్ రూడ్ అనే నార్వే ఇంజనీరు అమెరికాలో నీళ్లు నిల్వ ఉంచి కాచే తొట్టి తయారుచేశాడు. ఇప్పుడు మన గోడలకు వేలాడుతున్నవి ఆ వంశానివే.

గీజర్ వచ్చిన రోజు అవ్వ కుళాయి కింద చేయి పెట్టి, "ఇంత దినం యాడుండింది ఇది?" అంది. అప్పటికి ఆమెకు డెబ్బై. బతికిన చివరి పదకొండేళ్లూ ఒక్క బకెట్ ఉడుకునీళ్లు మోయకుండా స్నానం చేసింది. కరెంటు ఉన్న రోజుల్లో అన్నమాట.

మేడ మీదికి సూర్యుడు

సోలార్ మన ఇంటికి వచ్చింది 2009లో, మేడ మీద రెండో వాటా కట్టినప్పుడు. మోజుపడి పెట్టించుకున్నాం అని చెప్పుకోవచ్చుగానీ, అసలు సంగతి వేరే. 2007లో కర్ణాటకలో కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ తప్పనిసరి చేశారు. కొత్త మీటరు కావాలంటే అది ఉండాలి. ఉంటే అప్పట్లో కరెంటు బిల్లులో యూనిట్‌కు 50 పైసల తగ్గింపు ఉండేది. కాడుగోడి కూడా నగరంలో కలిసింది ఆ 2007లోనే, బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు. కుళాయి నీళ్ల కంటే ముందు నగరపు రూల్సు మన ఇంటికి చేరాయన్నమాట. అయినా ఆ రూలు మంచిదే. బెంగళూరు మేడల మీద ఏ వైపు చూసినా తొట్టి, దాని కింద నల్లటి గాజు గొట్టాలు వాలుగా కనిపిస్తాయి. దేశంలో ఇందుకు పేరుపడ్డ నగరం ఇది.

ఇది కూడా కొత్త తెలివేం కాదు. 1891లో అమెరికాలో బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ నల్లరంగు తొట్టెల్ని గాజు మూత ఉన్న పెట్టెలో పెట్టి అమ్మాడు. సాయంత్రానికి వేడి, తెల్లారేసరికి చల్లన. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఆ రెండింటినీ విడదీశాడు. ఎండలో కాగే గొట్టాలు కింద, వేడి పోకుండా చుట్టూ కప్పిన తొట్టి పైన. వేడి నీళ్లు తేలిక కాబట్టి వాటంతట అవే తొట్టిలోకి ఎక్కుతాయి, చల్లనివి కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. దానికి అతను "పగలూ రాత్రీ" అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. మన మేడ మీద ఉన్నది అదే సూత్రం.

ఆ మోటారు లేకపోవడమే మన కథకు మూలం. గీజర్‌లోనైనా సోలార్‌లోనైనా మన ఇళ్లలో నీళ్లను తోసేది మేడ మీది ట్యాంకు ఎత్తు మాత్రమే. పది మీటర్ల ఎత్తు ఉంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. మేడ మీద వాటాలో షవర్‌కీ సోలార్ తొట్టికీ మధ్య ఎత్తు మహా అయితే రెండున్నర మీటర్లు. అంటే పావు కిలో. కిందింటికి ఇంకో పదడుగులు ఎక్కువ, కాబట్టి వాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ బలం. సూర్యుడికి దగ్గరగా ఉన్నవాళ్లం మేమైనా ఉడుకునీళ్లు వాళ్లకు వచ్చింది ఇందుకే.

గాలి చేరుకోనుండాది

నాలుగో రోజు ప్లంబర్ వచ్చాడు. చింతామణి వైపు మనిషి, మాట మన మదనపల్లె మాటే. షవర్ తిప్పి, చెవి పెట్టి విని, "సోలార్‌కి ఏమీ కాలేదమ్మా. పైపులో గాలి చేరుకోనుండాది" అన్నాడు. అమ్మ వెంటనే, "గాలి చేరితే దిష్టి తీయాల్నా ఏంది?" అంది. అతను నవ్వి, "తీయాలమ్మా, పైన మేడ మీద" అన్నాడు.

అతని వెంట మేడెక్కాను. పదిహేనేళ్లుగా రోజూ చూస్తున్న పైపుని ఆ రోజు మొదటిసారి చూశాను. సోలార్ తొట్టి నుంచి బయల్దేరిన పైపు మేడ నేల మీద కాస్త దూరం పాకి, మెట్ల గది గడప దగ్గర కాళ్లకు తగలకుండా గోడ వెంట నడుమెత్తు దాకా లేచి, అవతల మళ్లీ దిగి, పిట్టగోడ దగ్గర ఇంకోసారి ఎక్కి, బయటి గోడ వెంట కిందికి పోయింది. ఒంటె మూపురాల్లా రెండు. 2009లో మేస్త్రీకి అది సులువైన దారి. మనకు అడగాలని తట్టలేదు.

మూపురం ఉంటే ఏమవుతుంది? గాలి తేలిక, నీళ్లు బరువు. పైపులో గాలి ఎక్కడున్నా ఎత్తైన చోటికి చేరి కూర్చుంటుంది. నీళ్లు మూపురం ఎక్కే వైపు నిండుగా నిలబడతాయి. దిగే వైపు గాలి ఉండడంతో ఆ నీళ్లకు పైపు నిండదు, ఉన్నవి గోడ వెంట సన్నగా జారిపోతాయి. నిండని నీళ్లు వెనకున్నవాటిని లాగలేవు. కాబట్టి ఎక్కిన ఎత్తు అంతా నష్టమే, దిగిన ఎత్తు తిరిగి రాదు. ఇలాంటి మూపురాలు రెండు మూడు ఉంటే ఆ నష్టాలన్నీ కూడతాయి. ఆ మొత్తం ట్యాంకు ఎత్తుకు సమానమైన రోజున ధార ఆగిపోతుంది. పైపు పగలలేదు, పూడుకుపోలేదు. నీళ్లు ఉన్నాయి, అవి పోవడానికి దారీ ఉంది. ఆ దారిలో గాలి కూర్చుని ఉంది.

మరి పదిహేనేళ్లు బాగా పనిచేసిన పైపులోకి ఆ గాలి ఎక్కణ్ణించి వచ్చింది? రెండు దారులు.

ఒకటి రోజూ వచ్చేది. చన్నీళ్లలో లీటరుకు సుమారు 18 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉంటుంది. 60 డిగ్రీలకు కాగేసరికి అందులో సగమే నిలుస్తుంది, మిగతాది బుడగలై బయటపడుతుంది. రోజుకి 150 లీటర్లు కాగితే లీటరుకు పైగా గాలి. అరంగుళం పైపులో లీటరు గాలి అయిదారు మీటర్ల పొడవు ఆక్రమిస్తుంది. అందులో ఎక్కువ భాగం సోలార్ తొట్టి మీద నిలువుగా ఉండే గాలి గొట్టంలోంచి పోతుంది. కొంత నీళ్లతో పాటు పైపులోకి వచ్చి మూపురంలో ఆగుతుంది. అండా వెడల్పు మూతిలోంచి ఎవరికీ తెలియకుండా పోయిన గాలే ఇది. మనం మూత బిగించాక కనిపించడం మొదలుపెట్టింది. చన్నీళ్ల పైపుకి ఈ జబ్బు అరుదు, ఉడుకునీళ్ల పైపుకే ఎక్కువ అనడానికి కారణమూ ఇదే.

రెండోది అసలు దెబ్బ. 2024 వేసవి. బెంగళూరు నీళ్ల కరువు దేశమంతా టీవీల్లో చూసింది. మన బోరు మార్చిలో ఎండింది. ట్యాంకర్ కోసం ఫోన్లు, రెండు రోజులకు ఒకటి, సంపులో పోస్తే ఒక పూటకు మేడ మీది ట్యాంకు నిండడం, మళ్లీ ఖాళీ. ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ పైపులోంచి నీళ్లు దిగిపోయి గాలి నిండింది. మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు అటూ ఇటూ నుంచి కమ్ముకుని ఆ గాలిని మూపురాల్లో బంధించాయి. ఎండాకాలం ఉడుకునీళ్లు ఎవరికి కావాలి? వానాకాలంలో ధార సన్నబడ్డా పట్టించుకోలేదు. చలి వచ్చాక తెలిసింది. మార్చిలో వచ్చిన కరువు మన ఇంట్లో డిసెంబరు దాకా పైపులో దాక్కుని, చివరికి అమ్మ చేతిలో డేకిసా పెట్టింది.

అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమైంది, రోజుకి 77.5 కోట్ల లీటర్లు, ఇన్నాళ్లూ కావేరి అందని శివారు ప్రాంతాల కోసమని. అంత పెద్ద పంపు పైపులకు కూడా మన షవర్ జబ్బే. అందుకే దారి పొడవునా ఎత్తైన చోట్లన్నిటా గాలి బయటికి పోయే వాల్వులు పెడతారు. రోడ్డు పక్కన లావు పైపు మీద చిన్న ఇనుప టోపీలా కనిపించేది అదే. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో పైపుల్లోని గాలి రాళ్లను సైతం పగలగొట్టగలదని, అందుకే మొదట నీళ్లు వదిలేటప్పుడు మెల్లగా, కొద్దికొద్దిగా వదలమని రాశాడు. ట్యాంకర్ వచ్చిన సంబరంలో మనం ఎప్పుడూ అలా చేయలేదు.

ఎలా బాగుచేశాడంటే

ఇది మన వాళ్లలో చాలామందికి పనికొస్తుంది కాబట్టి వరసగా రాస్తున్నాను.

ముందు అది నిజంగా గాలేనా అని చూశాడు. షవర్ ఒక్కటే రాకుండా, దాని కింది కుళాయిలో ఉడుకునీళ్లు బాగా వస్తుంటే గాలి కాదు, షవర్ చిల్లుల్లో బోరు నీళ్ల సున్నం. విప్పి వెనిగర్‌లో నానబెడితే చాలు. రెండూ రాకుండా, చన్నీళ్లు బాగా వస్తూ, గుడగుడ వినిపిస్తే గాలిని అనుమానించాలి.

తర్వాత గీజర్ స్విచ్ ఆపించాడు. సోలార్ పైపు గీజర్‌లోంచి వచ్చే ఇళ్లలో ఇది మరవకూడదు. మేడ మీద సోలార్ గాలి గొట్టం మూతి తెరిచి ఉందో లేదో చూశాడు. పక్షులు గూడు పెడతాయని కొందరు దాన్ని గుడ్డ కుక్కి మూసేస్తారు. అలా ఎప్పుడూ చేయొద్దు. ఆ తొట్టి ఒత్తిడి తట్టుకునేలా చేసింది కాదు.

మొదట చేతి వైద్యం. షవర్ మిక్సర్‌లో చన్నీళ్లూ ఉడుకునీళ్లూ రెండూ తిప్పి, నీళ్లు బయటికొచ్చే మూతిని అరచేత్తో గట్టిగా మూశాడు. బయటికి దారి లేక చన్నీళ్లు ఉడుకునీళ్ల పైపులోకి వెనక్కి ఎక్కి గాలిని తోస్తాయి. పది లెక్కపెట్టి వదలడం, మళ్లీ మూయడం. కొందరి ఇళ్లలో దీంతోనే అయిపోతుంది. మనకు కాస్త ధార పెరిగి మళ్లీ తగ్గింది. రెండు మూపురాలు కదా.

అప్పుడు బోరు మోటారు నుంచి ట్యాంకుకి పోయే పైపు కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసని స్నానాల గదిలో ఉడుకునీళ్ల కుళాయికి క్లిప్పుతో బిగించాడు. కుళాయి తెరిచి, మోటారు వేయించాడు. నీళ్లు కింది నుంచి పైకి, ఎదురు దారిలో పోయాయి. నేను మేడ మీద నిలబడి చూస్తున్నాను. "గొట్టం కాడ నిలబడాకన్నా, ఉడుకునీళ్లు చిమ్ముతాయి" అని కింద నుంచి అరిచాడు. దూరంగా జరిగాను. గాలి గొట్టంలోంచి బుస్సుమని పొడవాటి నిట్టూర్పు, తర్వాత చీదినట్టు నీళ్లు, తర్వాత తెంపు లేని ధార. మోటారు ఆపించాడు. మొత్తం రెండు నిమిషాలు. ఈ పని పొద్దున్నే చేయాలి, తొట్టిలో నీళ్లు మరీ మరిగి ఉండవు. పైపులో నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, ముందు దాన్ని విప్పాలి.

చివరిది శాశ్వత వైద్యం. మర్నాడు వచ్చి మెట్ల గది దగ్గరి మూపురాన్ని తీసేసి, పైపుని గడప కింద గాడి కొట్టి, వాలుగా దించాడు. పిట్టగోడ దగ్గరి మూపురం తీయడం కుదరలేదు. దాని నెత్తిన ఒక సన్నటి నిలువు గొట్టం అతికి, చన్నీళ్ల ట్యాంకు మట్టం కంటే అడుగు ఎత్తుకు లేపి, మూతిని వంచి వదిలేశాడు. ఇక అక్కడ చేరిన గాలి దానంతటదే పోతుంది. అండా మూతిలాంటిదే, కాకపోతే ఇది అరంగుళం.

ఈ మాట ఇక్కడ రాసిపెట్టడానికి కారణం

ఉడుకునీళ్ల చరిత్ర అంటే యంత్రాల పేర్లు అనుకుని మొదలుపెట్టాను. రాస్తుంటే తెలిసింది, మన ఇంట్లో అది మోసినవాళ్ల చరిత్ర అని. అండా, బాయిలర్, కాయిల్, గీజర్, సోలార్, ప్రతి మార్పూ ఇంట్లో ఆడవాళ్ల చేతిలోంచి కాస్త బరువు దించింది. ఆ యంత్రం ఒక్క పూట ఆగితే బరువు నేరుగా మళ్లీ అదే చేతికి వచ్చింది. ఆ నాలుగు రోజులూ నేను ఆఫీసు జిమ్‌లో స్నానం చేసి వచ్చాను. తమ్ముడు చన్నీళ్లు పోసుకున్నాడు. డేకిసా మోసింది అమ్మ. ఆమెను ఎవరూ మోయమనలేదు, నిజమే. ఎవరూ వద్దని లేచి పట్టుకోనూ లేదు.

కాబట్టి ఈ ఇంట్లో తర్వాత ఉండబోయేవాళ్లకు నాలుగు మాటలు. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్న ఆ సన్న గొట్టం పనికిరానిది అనుకుని కోసేయొద్దు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండినప్పుడు ఉడుకునీళ్ల కుళాయి మెల్లగా తెరిచి, గుడగుడ ఆగేదాకా వదలండి. రబ్బరు గొట్టం, క్లిప్పు మెట్ల కింద చెక్కపెట్టెలో ఉన్నాయి. ఇవన్నీ చేసినా ఎప్పుడైనా ఉడుకునీళ్లు ఆగితే, ప్లంబర్‌కు ఫోన్ చేసే ముందు వంటింట్లోకి వెళ్లి చూడండి. డేకిసా ఎవరి చేతిలో ఉందో చూసి, ముందు అది అందుకోండి.